దోమ కుట్టని పాప

పెళ్ళయ్యాక మా ఆయన నాకిచ్చిన మొదటి కానుక ఒక కప్ప ఫొటో.

చీర కాదు, గొలుసు కాదు, కప్ప. ఆకుపచ్చ చెట్టుకప్ప మొహం ఒక్కటే, తలుపంత పెద్దది చేయించి పడగ్గదిలో తగిలించారు. దాని పెదవి మీద వాలిన ఈగ కాళ్ళకున్న నూగు కూడా కనిపిస్తుంది. ఇంత దగ్గరికి వెళితే అది గెంతిపోలేదా అని అడిగాను.

"దానికి నేనున్నట్టే తెలీదు" అన్నారు త్రినాథ్, మీసం సవరించుకుంటూ.

నాకు నవ్వు ఆగలేదు. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వు వచ్చేది. శ్రీకాకుళంలో డిగ్రీ చదివి, సముద్రం దాటి అండమాన్‌కి కాపురానికి వచ్చాను. మా అత్తవారు తాతల కాలంలో టెక్కలి దగ్గర్నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ళు. పోర్టుబ్లెయిరుకి గంట దూరంలో, వర్షారణ్యం అంచున ఇల్లు. కిటికీ తెరిస్తే అడవి. వాన ఆగగానే రేకుల మీంచి లేచే ఆవిరి, టీ గ్లాసులోంచి లేచే ఆవిరి, రెండూ ఒకటైపోతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అత్తయ్య వెనకనుంచి "ఓలె కౌముదీ, టీ తాగుతావా, దానికి దండం పెడతావా?" అనేది.

ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. మా ఆయన సబ్బు ముట్టరు. వాసన తగిలితే జంతువులు అరమైలు దూరంలోనే పారిపోతాయని. అందుకని వచ్చిన వారానికే నేను సున్నిపిండి చేశాను. శనగపప్పు, పెసలు, కాస్త బియ్యం దోరగా వేయించి, మిక్సీలో ఆడించి, జల్లెడ పట్టి. కచ్చూరాలు వేయబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు. "వాసన వచ్చేది ఏదీ వద్దు. అందులో కలపడానికి నా దగ్గర వేరే సామాను ఉంది."

ఆ సామాను ఒక బూడిదరంగు పొడి. పరిశోధన కేంద్రంలో పనిచేసే డాక్టర్ రంగనాయకిగారు ఇచ్చింది. రాజమండ్రి ఆవిడ, పాతికేళ్ళుగా ఈ అడవిలోనే ఉంటున్నారు. ఆ పొడి ఏమిటో ఆయన నాకు నోటితో చెప్పలేదు, అడవికి తీసుకెళ్ళి చూపించారు.

ఆకులు కలిపి కుట్టిన ఎర్రచీమల గూడు ఒకటి నా మొహం ఎత్తులో వేలాడుతోంది. దాన్ని రెండు వేళ్ళతో విప్పారు. వందల చీమలు. వాటి మధ్యలో గోధుమరంగు పురుగు ఒకటి తాపీగా నడుస్తోంది.

"అది చీమ కాదు. కానీ చూడు, దాన్ని ఒక్క చీమా ఆపడం లేదు. దాని ఒంటిమీద ఉండే సూక్ష్మజీవులు దాని వాసనంతా ఎప్పటికప్పుడు తినేస్తాయి. చీమలకి అది ఒక చిన్న రాయి, అంతే. మేడం ఆ సూక్ష్మజీవుల్నే పొడి చేశారు."

అంటూ మణికట్టు దాకా చెయ్యి గూట్లో పెట్టేశారు. నేను కెవ్వుమన్నాను. చీమలు ఆయన వేళ్ళ మీద కొమ్మ మీద నడిచినట్టు నడిచాయి. అందులో ఒకటి దారితప్పి నా భుజం మీదికి వచ్చి కసిగా కుట్టింది. ఆయన నవ్వారు. "చూశావా, నువ్వున్నట్టు దానికి తెలుసు!"

ఆ సాయంత్రం ఆయన నాచు పట్టిన నేల మీద బోర్లా పడుకుని లెన్సు సరిచేసుకుంటుంటే విషమున్న పచ్చపాము ఒకటి కొమ్మ దిగి ఆయన మెడ మీదుగా పాకింది. ఆయన కదలలేదు. కెమెరా మాత్రం చిటుక్కు చిటుక్కుమంటోంది. చెట్టు చాటున నేను నోరు నొక్కుకుని నిలబడ్డాను, సగం భయం, సగం గర్వం. ఇంటికి వచ్చాక ఆ ఫొటో చూపించారు. పాము నాలుక లెన్సుకి తగిలి చిన్న చెమ్మ మరక పడింది. "ఇంతకన్నా దగ్గర లేదు కౌమూ. దీని తర్వాత ఇక లోపలే" అన్నారు. ఆయన గొంతు వణికింది. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా అంతలా వణికి ఉండదని ఉడికించాను.

ఆ పొడి వల్ల ఇంకో లాభం. ఆయన్ని దోమలు కుట్టవు. అండమాన్ వానాకాలంలో ఆ సుఖం ఎంతటిదో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. వరండాలో మేం అందరం చేతులు, కాళ్ళు చరుచుకుంటూ ఉంటే ఆయన బనీనుతో మహారాజులా కూర్చునేవారు.

"ఓలె కోడలా, నువ్వు చేసిన పిండిలో ఏటి మందేసినావే? మావోడి మీద ఒక్క దోమ వాల్తే ఒట్టు!" అంది అత్తయ్య.

"శ్రీకాకుళం పెసలు అత్తయ్యా. వాటి మహిమ" అన్నాను. నాకు ఎంత సంబరంగా అనిపించిందో. పొడి సంగతి ఎవరికీ చెప్పవద్దని మేడం ఆయనతో అన్నారట. నేనూ అక్కడితో ఊరుకున్నాను.

ఒకరోజు భోజనాలు వడ్డించాను. అత్తయ్యకి, నాకు. తిని, గిన్నెలు కడగడానికి లేచాను.

"మరి నాకు?" అన్నారు ఆయన. నా ఎదురుగా, మొదటినుంచీ అక్కడే కూర్చుని ఉన్నారు.

అత్తయ్య కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "కొత్త పెళ్ళాం మొగుణ్ణే మరిచిపోనాదిరా త్రినాథా! పాతబడితే ఇంకేటి గతి?" నేనూ నవ్వాను. ఇంకోసారి ఆయన్ని ఇంట్లో ఉంచి బయట తాళం వేసుకుని బజారుకి వెళ్ళిపోయాను. దానికీ నవ్వుకున్నాం. ఆయనకైతే ఆనందమే. "అంటే బాగా పనిచేస్తోందన్నమాట" అన్నారు.

తేనెపిట్ట గూడు దగ్గర జరిగింది మాత్రం నాకు నచ్చలేదు. పెరటి వెనక కొమ్మకి వేలాడే గూట్లో రెండు పిల్లలున్నాయి. ఒక పిల్ల మొహం వెలుగులోకి రావడం లేదని ఆయన చిటికెనవేలితో దాన్ని కాస్త ఇటు తిప్పారు. తల్లి వచ్చి రెండో పిల్ల నోట్లో పురుగు పెట్టి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దానికే. వేలు తగిలిన పిల్ల నోరు తెరుచుకునే ఉంది. తల్లి దాని తల మీద కాలు వేసి నిలబడి పక్కదానికి మేత పెట్టింది. మర్నాటికి అది చచ్చిపోయింది.

"బలం లేని పిల్లని తల్లి వదిలేస్తుంది కౌమూ. అడవిలో మామూలే" అన్నారు. ఆ ఫొటోకి బయటి దేశం పత్రిక ఒకటి బహుమతి ఇచ్చింది. తల్లి కాలిగోరు, దాని కింద తెరిచిన ఎర్రటి నోరు. చాలా అందమైన ఫొటో. ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఆ తర్వాత వదిన పురిటికి వచ్చింది.

ఢిల్లీశ్వరి వదిన మా ఆయనకి అక్క. వేరే దీవిలో, హట్‌బేలో కాపురం. ఆవిడ భర్తకి అక్కడ చేపల పడవ ఉంది. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకి కడుపు పండింది. ఓడ దిగుతూనే నా బుగ్గ గిల్లి, "ఏటి మరదలా, మా తమ్ముడు నిన్ను ఫొటో తీసినాడా, కప్పలకే సరిపోతన్నాడా?" అంది. ఆవిడ ఉంటే ఇల్లంతా నవ్వులే.

ఆడపిల్ల పుట్టింది. వదిన ఆ పిల్లని కింద పెట్టేది కాదు. పొద్దస్తమానం పిల్ల మాడు మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చునేది. "రా మరదలా, సూడు. అప్పుడే కాసిన వెన్నలాగుంది" అని నన్నూ వాసన చూడమనేది. నేను చూశాను. ఆ వాసన పేరు నాకు తెలియదు. ఒళ్ళంతా మెత్తబడిపోయింది. పక్కింటి పిల్లి అరిచినా వదిన రవికె పాలతో తడిసిపోయేది. మేం పడిపడి నవ్వేవాళ్ళం.

వానలు ముదిరాయి. మా వీధి చివర మలేరియా వచ్చి ఒక ముసలాయన పోయాడు. ఆ మర్నాడు పెరట్లో అత్తయ్య పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పిల్లని కాళ్ళమీద వేసుకుని నూనె రాస్తుంటే నేను చెంబుతో వేణ్ణీళ్ళు పోశాను. అత్తయ్య పిండి తీసి పిల్ల మడతల్లో, మెడ కింద, వేళ్ళ సందుల్లో మెత్తగా రుద్దింది. రోజూ అంతే. పిల్ల మొదట ఏడ్చి, తర్వాత కాళ్ళు ఆడించేది. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ. పొగ వాసన ఉయ్యాలకి అంటింది, గుడ్డలకి అంటింది. పిల్లకి అంటలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

కొన్నాళ్ళకి వదిన పిల్ల మాడు మీద ముక్కు పెట్టి, తల ఎత్తి, మళ్ళీ పెట్టింది.

"వాసన రాటం లేదు మరదలా."

"ఇప్పుడే కదా వదినా స్నానం చేయించారు."

"అంతేనంటావా" అంది. కానీ పిల్లని ఉయ్యాలలో పెట్టేసింది. పగటిపూట ఆవిడ పిల్లని కింద పెట్టడం నేను చూడటం అదే మొదలు.

పాలు తగ్గాయి. అత్తయ్య బొప్పాయి కూర వండింది, వెల్లుల్లి పెట్టింది. వదిన అన్నీ తిన్నది, పాలు మాత్రం పడలేదు. డబ్బా పాలు మొదలుపెట్టాం. ఒక మధ్యాహ్నం మేమిద్దరం వరండాలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. వదిన ఉన్నట్టుండి తల తిప్పి, "ఎవలింట్లోనో గుంట ఏడుస్తంది. ఎవలూ సూడరేటి పాపం" అంది.

పిల్ల ఏడుస్తున్నది మా గదిలోనే. అంతసేపూ నేను కూడా విన్నాను, ఏరుతూనే ఉన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వదిన లేచి పరిగెత్తింది.

బాలింతలకి అలా ఉంటుందని అత్తయ్య దిష్టి తీసింది. పేరు పెడదామనుకున్న రోజు వచ్చింది, వెళ్ళింది. మాలో ఎవరికీ గుర్తు లేదు.

ఆ తర్వాత ఒకరోజు నేను రేషను తీసుకుని గొడుగుతో వస్తున్నాను. పెద్ద వాన. పెరట్లో బట్టలుతికే బండ పక్కన మా ఆయన బురదలో బోర్లా పడుకుని ఫొటోలు తీస్తున్నారు. ఇంత వానలో కప్ప దొరికిందేమో అనుకుని ముచ్చటపడ్డాను.

"ఏం దొరికిందండీ?"

"ష్... ఆ చర్మం చూడు. ఎంత పల్చగా ఉందో. లోపల నరం కనిపిస్తోంది. మడత మడతకీ ఒక నీటిబొట్టు..."

దగ్గరికి వెళ్ళాను. బండ మీద పిల్ల. ఒంటిమీద గుడ్డ లేదు. నీలంగా మారిన పిడికిళ్ళు బిగించి ఏడుస్తోంది. ఏడుపు వానలో కలిసిపోతోంది. లెన్సుకీ పిడికిలికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

గొడుగు, సంచీ అక్కడే పడేసి పిల్లని లాక్కున్నాను. అప్పటికి గానీ ఆయన కెమెరా మీంచి మొహం తీయలేదు. నన్ను చూశారు, నా చేతుల్లోకి చూశారు. కెమెరా బురదలో పడిపోయింది.

వదిన వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. "వాన రాకముందు స్నానానికని తీసుకెళ్ళినాను. నీల్లు మరుగుతన్నాయని లోపలికొచ్చినాను..." అంది. పిల్లని చూసి కత్తిపీట పక్కకి తోసేసింది. "నానేటి సేసినానే? మరదలా, నానేటి సేసినాను?"

నీళ్ళ పొయ్యి దగ్గర పిండి డబ్బా మూత తీసి ఉంది. అది పసుపు కలిపిన మా పిండి కాదు, బూడిదరంగు పొడి కలిపి మా ఆయన తన గూట్లో దాచుకునే డబ్బా.

"అత్తయ్యా, ఇదెవరు తెచ్చారు?"

"నానే" అంది అత్తయ్య, భయంగా. "మలేరియా కదే. త్రినాథుడికి దోమ కుట్టదు కదా, గుంటకీ కుట్టదని... సూడు, ఇన్నాళ్ళూ ఒక్క దద్దురు లేదు దీనికి. మంచిదే కదేటి?"

వానలో తడిసి వచ్చిన జ్వరం తగ్గగానే పిల్లని రంగనాయకిగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పిల్ల మెడ మీద దూదితో తుడిచి, గాజుపలక మీద రుద్ది, సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశారు. తల ఎత్తలేదు.

"ఇది ఇంట్లో ఎందుకు పెట్టావు త్రినాథ్?"

"స్నానం పిండిలో కలుపుకోమన్నది మీరే కదండీ."

"నిన్ను కలుపుకోమన్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పవద్దనీ అన్నాను." ఆ రెండో మాట అన్నాక ఆవిడ కళ్ళద్దాలు తీసేశారు.

"కడిగితే పోదా మేడం?" అన్నాను.

"మీ ఆయనకి పోతుంది. మానేస్తే కొన్ని వారాల్లో పోతుంది. పెద్దవాళ్ళ చర్మం మీద వేరే సూక్ష్మజీవులు ఏనాటినుంచో కాపురం ఉంటాయి, వీటిని తరిమేస్తాయి. పుట్టిన పిల్ల చర్మం ఖాళీ ఇల్లమ్మా. ముందు ఎవరొస్తే వాళ్ళదే. వీటిని చంపాలంటే చర్మాన్నే చంపాలి."

"వాసన లేకపోతే ఏమైందండీ? మేం కళ్ళతో చూస్తున్నాం కదా. ఏడుపు వినపడుతోంది కదా."

"కళ్ళు చూస్తాయి, చెవులు వింటాయి. కానీ ఇక్కడ మనిషి ఉందని ఒళ్ళు ఒప్పుకోవాలంటే ముక్కు కూడా ఊ అనాలి. మనకి తెలియకుండానే అది ఊ అంటుంది. నాకూ ఇంత ఉంటుందని తెలీదు."

"ఎలుకల మీద చూశారు కదా మీరు?" అన్నారు మా ఆయన, నేలవైపు చూస్తూ.

"చూశాను. తల్లులు పిల్లల మీంచి నడిచి వెళ్ళిపోయేవి. వాటిని నేనే సీసాతో పెంచాలనుకున్నాను." గాజుపలక పక్కన పెట్టారు. "కొన్నిటికి పాలు పట్టాను. మిగతావి అక్కడున్నట్టు నాకే గుర్తు రాలేదు."

వాసన అంటుతుందని వదిన కట్టిన చీర ముక్క పిల్లకి చుట్టాం. గంటలో ఆ గుడ్డ కూడా ఏ వాసనా లేని గుడ్డ అయిపోయింది. ఎర్రటి చొక్కాలు కుట్టాను. కాళ్ళకి గజ్జెలు కట్టాం. గజ్జె మోగినప్పుడల్లా వదిన లేచేది, పాలు కలిపేది, పట్టేది. ఒకసారి సీసా చేత్తో పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది.

"గజ్జె మోగితే లేస్తన్నాను మరదలా. కానీ ఎందుకు లేసినానో తెలీటం లేదు. దీన్ని సూస్తే నా పిల్లే అని తెలుసు. లెక్క తెలిసినట్టు తెలుసు. లోపల్నించి ఏదీ రాటం లేదే."

మా ఆయన పొడంతా తగలబెట్టారు. అడవికి వెళ్ళడం మానేశారు. కొన్ని వారాలకి ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి మోచేయి చూపించారు. దోమ కుట్టిన దద్దురు. బడిలో బహుమతి వచ్చిన పిల్లాడిలా ఉన్నారు. పరిగెత్తి వెళ్ళి ఆయన మెడలో మొహం దాచుకున్నాను. చెమట వాసన! పుల్లటి, మగవాడి చెమట వాసన. ఏడ్చాను, నవ్వాను, ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నా మొగుడు నాకు మళ్ళీ వచ్చాడు. ఆయన భుజం మీంచి చూస్తే ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. దోమతెర వేయలేదు. మొహం మీద ఒక్క దోమ లేదు.

వదిన హట్‌బే వెళ్ళిపోతానంది. అత్తయ్య ఏడ్చింది, గుంటని మా దగ్గర వదిలేయమంది. వదిన ఒప్పుకోలేదు.

"వద్దమ్మా. నా పిల్ల ఇది. ప్రేమ రాకపోతే పని సేస్తాను. గంట గంటకీ పాలు పడతాను. వారానికోసారి తూకం సూస్తాను. ముద్దు రాకపోతే గుర్తు పెట్టుకుని పెడతాను. పెద్దయ్యాక దానికి తేడా తెలీకుండా పెంచుతాను. సూడండి, పెంచి సూపిస్తాను."

ఆ మాటలు వింటే, ఇంత ప్రేమ ఎక్కడైనా ఉందా అనిపించింది.

ఓడ రోజు ఎండ కాసింది. ఎన్నాళ్ళకో నీలంగా మెరిసే సముద్రం. వదినకి తోడుగా అత్తయ్య కూడా వెళుతోంది. రేవు దగ్గర ఒకటే జనం. మా ఆయన పెట్టెలు మోస్తున్నారు, అత్తయ్య కొబ్బరికాయల బస్తా లెక్కచూస్తోంది. మెట్లు నిటారుగా ఉన్నాయని వదిన పాలు తాగి నిద్రపోతున్న పిల్లని నా చేతికిచ్చింది. "జాగర్త. సంచీ పైన పెట్టీసి వస్తాను" అంటూ చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఎక్కింది.

మా ఆయన దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఓడ కూత కూసింది. తాళ్ళు విప్పారు. పైన కమ్మీల దగ్గర అత్తయ్య, వదిన. వదిన నవ్వుతూ రెండు చేతులూ ఊపుతోంది. ఆవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో. నేనూ కుడిచేయి ఎత్తి, ఓడ చిన్నదయ్యేదాకా ఊపాను. నాకు మనసంతా తేలికగా ఉంది.

"ఇన్నాళ్ళకి ఇద్దరమే" అన్నారు మా ఆయన చెవిలో.

"ఛ, రోడ్డు మీద!" అన్నాను.

రేవు బయట బండి దగ్గర వేడి వేడి మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. కాగితంలో కట్టించుకుని, సముద్రం గోడ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయన ఒకటి తుంచి, ఊది, నా నోట్లో పెట్టారు. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇద్దరం నవ్వుకున్నాం. గాలి ఉప్పగా, చల్లగా ఉంది. అంత హాయిగా కూర్చుని ఎంతకాలమైందో.

ఇంకో బజ్జీ అందుకోబోతే ఎడమచేయి లేవలేదు. మోచేయి దగ్గర తిమ్మిరెక్కి, భుజం లాగేస్తోంది. ఎందుకింత నొప్పిగా ఉందా అని వంగి చూసుకున్నాను.

పిల్ల మేలుకుని ఉంది. ఏడవకుండా నన్నే చూస్తోంది.